కళ్ళు మూసుకుంటేనే మాట్లాడే మనిషి

సినిమా చివర్లో మా ఆయన జేబురుమాలు తీసి కళ్ళు తుడుచుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అమలాపురంలో శనివారం మ్యాటినీ. మా అమ్మాయి పట్టుబట్టి మా ఇద్దరినీ తీసుకెళ్ళింది. ప్రేమకథ, కామెడీ, ఇంటిల్లిపాదీ చూడొచ్చని చెప్పింది. హీరో పశువుల డాక్టరు. కుక్కలతో, దూడలతో తప్ప మనుషులతో మాట్లాడడు. పై వాటాలో అద్దెకు దిగిన పిల్ల మెట్ల మీద పూలకుండీలు పెట్టిందని వాటిని వీధిలోకి విసిరేస్తాడు. హాలంతా నవ్వింది. ఆ పిల్ల కేకు పట్టుకొస్తే మొహాన తలుపు వేస్తాడు. మళ్ళీ నవ్వింది. ఇంటర్వెల్ దాకా ఇదే వరస. ఇంటర్వెల్ అయ్యాక అతనికి చిన్నప్పుడే తల్లి పోయిందని తెలుస్తుంది. ఇక అక్కడినుంచి ఆ పిల్లకి వేరే పని లేదు. అతని చొక్కాకి గుండీలు కుడుతుంది, అతని తరఫున పక్కింటివాళ్ళకి క్షమాపణలు చెబుతుంది, నవ్వడం ఎలాగో అద్దం ముందు నిలబెట్టి నేర్పిస్తుంది. ఆఖరికి విసిగిపోయి ఇంకెవరినో చేసుకోబోతుంటే, అతను నిశ్చితార్థం స్టేజీ ఎక్కి మైకు లాక్కుని మూడే మూడు ముక్కలు మాట్లాడతాడు. నాకు మాటలు రావు. నువ్వుంటే వస్తాయి. ఉండిపో.

హాలు దద్దరిల్లిపోయింది. ఈలలు, చప్పట్లు. నా వెనక సీటులో ఎవరో మధ్యవయసు ఆవిడ "అబ్బ, ఎంత బాగా చెప్పేడో చూడండి" అని ముక్కు చీదింది.

రెండున్నర గంటలు ఆ పిల్ల గొంతు పోయేలా మాట్లాడితే ఒక్క ఈల పడలేదు. వాడు మూడు ముక్కలు అనేసరికి సీట్లు ఎక్కి తొక్కారు. నేను పక్కకి తిరిగి మా ఆయన్ని చూశాను. జేబురుమాలు. మా అమ్మ పోయినప్పుడు మడత విప్పని జేబురుమాలు, ఎవరో మేకప్ వేసుకున్న పశువుల డాక్టరు కోసం తడిసి ముద్దయింది.

"ఏడుస్తున్నారా?" అన్నాను.

"ఏసీ గాలి" అన్నారు.

అంతే. ఆ రోజుకి నాతో ఆయన మాట్లాడిన మాటలు ఆ రెండే.

మా ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఊళ్ళో ఆయనకున్నంత మంచిపేరు ఇంకెవరికీ లేదు. ఎవరు ఏమన్నా "ఆయ్" అంటారు, నవ్వుతారు, తల ఊపుతారు. "మీ ఆయన దేవుడండీ, నోట్లో నాలుక లేని మనిషి" అని నాతో ఎంతమంది అన్నారో. అంటూ నన్ను ఎగాదిగా చూస్తారు, ఆ లేని నాలుక కూడా నా నోట్లోనే ఉందన్నట్టు. నేను జూనియర్ కాలేజీలో సివిక్స్ చెబుతాను. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా మాట్లాడితేనే నాకు జీతం. ఇంటికొచ్చి కూడా మాట్లాడతాను. ఎందుకంటే ఇంట్లో గోడలే కాక మనుషులు కూడా ఉన్నారని నా నమ్మకం. దానికి ఊరు నాకిచ్చిన పేరు గయ్యాళి. ఆయన మాట్లాడకపోతే సాధువు. నేను మాట్లాడితే గయ్యాళి. బాగుంది లెక్క. లెక్కల మాస్టారు ఇంట్లో లెక్క ఇలాగే ఉంటుంది మరి.

అయితే ఆయన అసలు మాట్లాడరని అంటే అబద్ధం. మాట్లాడతారు. కళ్ళు మూసుకుని.

మా క్రైస్తవుల ఇళ్ళల్లో రాత్రి భోజనానికి ముందు కుటుంబ ప్రార్థన ఉంటుంది. చాప వేసుకుని కూర్చుని, ఒక పాట పాడుకుని, ఇంటి యజమాని ప్రార్థన చేస్తాడు. మా మామగారు చేసేవారు, మా నాన్న చేసేవారు. మా ఇంట్లో మా ఆయన. కళ్ళు మూసుకోగానే ఆయనకి ఎక్కడినుంచి వస్తాయో ఆ మాటలు! గంభీరంగా, గుక్క తిప్పుకోకుండా, బైబిలు తెలుగులో. పెళ్ళయిన కొత్తలో నేను మురిసిపోయాను. తర్వాత్తర్వాత వినడం మొదలుపెట్టాను. అప్పుడు అర్థమైంది, ఆయన దేవుడికి చెబుతున్నవి దేవుడికి కావు, నాకు.

"ప్రభువా, ఈ ఆహారమును వండిన నీ దాసురాలిని దీవించుము. ఉప్పు విషయములో ఆమెకు మితమును దయచేయుము."

నేను పక్కనే ఉన్నాను. మోకాలు మోకాలికి తగులుతోంది. కూరలో ఉప్పెక్కువైందన్న సంగతి ఆకాశం దాకా వెళ్ళి నా దగ్గరికి రావాలి.

ఆయనకి రాజోలు దగ్గర స్కూలుకి బదిలీ అయిందని నాకు తెలిసింది ప్రార్థనలోనే. "నూతన స్థలములో నాకు తోడైయుండుము" అన్నారు. నేను కళ్ళు తెరిచి "ఏ నూతన స్థలమండీ?" అన్నాను. ఆయన కళ్ళు తెరవకుండా "ఆమేన్" అన్నారు. వాళ్ళ అమ్మగారు వచ్చి మా దగ్గర ఉండిపోతారని తెలిసింది ప్రార్థనలోనే. నా గొంతు ఎక్కువైందని, నా అక్క రాకపోకలు ఎక్కువయ్యాయని, నేను కాలేజీలో ప్రిన్సిపాల్‌తో గొడవపడటం కుటుంబ సమాధానానికి, అంటే ఇంటి శాంతికి, మంచిది కాదని, అన్నీ ఆ చాప మీదే తెలిశాయి. జవాబు చెప్పడానికి లేదు. ప్రార్థన మధ్యలో కళ్ళు తెరవడమే తప్పు, ఇక నోరు తెరిస్తే ఇంకేమన్నా ఉందా! ఆమేన్ అయ్యాక "ఇందాక ఉప్పు గురించి ఏదో అన్నారు" అంటే, "ప్రార్థనలో అన్నవి పట్టుకుని తగువాడతారా ఎవరైనా?" అనేవారు వాళ్ళ అమ్మగారు, బతికున్నన్నాళ్ళూ. ఇంత గట్టి కోట ఏ రాజూ కట్టుకోలేదు. నేను ఆ దేవుణ్ణి నమ్మేదాన్నే. అందుకే నాకు ఇంకా కోపం. ఆ దేవుణ్ణి మా ఇంట్లో పోస్ట్‌మ్యాన్‌ని చేసిపెట్టారు మా ఆయన.

సినిమా చూసొచ్చిన రోజు రాత్రి ప్రార్థనలో మా ఆయన గొంతు జీరపోయింది.

"కఠిన హృదయములను కరిగించు తండ్రీ, మా బిడ్డ మనసులో ఉన్న ఆ యవ్వనస్థుడు నీ బిడ్డయే. అతడు మితభాషి. మా బిడ్డ ఓర్పు చేత అతడు వికసించునట్లు సహాయము చేయుము."

ఓహో. అయితే సినిమాకి అందుకన్నమాట తీసుకెళ్ళింది. తండ్రీకూతుళ్ళు ఒకవైపు. నేనూ, ఈ సంగతి అప్పుడే విన్న దేవుడూ ఒకవైపు.

ఆ యవ్వనస్థుడి సంగతి నాకు తెలియంది కాదు. మా అమ్మాయికి చర్చి యూత్‌లో పరిచయం. ఉప్పలగుప్తం అవతల వాళ్ళకి రొయ్యల చెరువులున్నాయి. బాగా చదువుకున్నాడు, చెరువులు తనే చూసుకుంటాడు. చెడ్డ అలవాట్లు లేవు. చూడటానికి బాగుంటాడు. నేను ఎదురుపడితే "వందనాలండి" అంటాడు, నేలకి. రెండో మాట ఎప్పుడూ వినలేదు. మా అమ్మాయి ఫోన్ చేస్తే ఎత్తితే ఎత్తుతాడు, లేకపోతే లేదు. ఒకసారి కొత్తపేటలో వానలో బస్సుల్లేక అది ఇరుక్కుపోయి ఇతనికి ఫోన్ మీద ఫోన్ చేసింది. మర్నాడు మెసేజ్ పెట్టాడట, "మేత వేస్తున్నాను" అని. మా పిల్ల ఏదో కోపంలో "నీకు మనిషి అక్కర్లేదు, చెరువు చాలు" అని పెట్టింది. అంతే, రెండు వారాలు మౌనవ్రతం. ఆ రెండు వారాలూ నా కూతురు అన్నం ముందు కూర్చుని ఫోన్ వైపు చూడటం నేను చూశాను. ఆ చూపు నాకు తెలుసు. ఎదుటి మనిషి నోటి కోసం కాపలా కాసే చూపు. నేను ఆ కాపలా కాస్తూ ముసలిదాన్నవుతున్నాను. నా కూతురు కాయడానికి వీల్లేదు. నాకున్న పట్టుదలంతా అదొక్కటే.

మా అమ్మాయి ఫిజియోథెరపిస్టు. అమలాపురంలోనే ఒక క్లినిక్‌లో పని. పక్షవాతం వచ్చినవాళ్ళకి, చెయ్యి విరిగి కట్టు విప్పినవాళ్ళకి వ్యాయామాలు చేయిస్తుంది. మర్నాడు చర్చినుంచి వచ్చాక కొబ్బరి తురుముతూ దాన్ని కదిలించాను.

"సినిమా నాకు పాఠం చెప్పడానికా?"

"పాఠం కాదమ్మా. చూస్తావని. అలాంటి వాళ్ళూ ఉంటారని."

"అలాంటివాణ్ణి చూడటానికి టికెట్ ఎందుకే? హాల్లోనే కూర్చుంటాడుగా, పేపరు పట్టుకుని."

అది నవ్వు ఆపుకుంది. తర్వాత సీరియస్ అయింది. "బిగుసుకుపోయిన భుజం నా దగ్గరికొస్తే ఏం చేస్తాను? రోజూ కొంచెం కొంచెం కదుపుతాను. ముందు రాదు. తర్వాత వస్తుంది. మనిషీ అంతేనమ్మా."

"నీ దగ్గరికొచ్చేవాళ్ళని ఎవరు తీసుకొస్తారు?"

"వాళ్ళే వస్తారు."

"వచ్చి?"

"నొప్పని చెప్తారు."

"ఎక్కడో చెప్తారా?"

"చెప్తారు."

"మరి? వాళ్ళంతట వాళ్ళు వచ్చి, కుర్చీలో కూర్చుని, ఇదిగో ఇక్కడ నొప్పి అని చెప్పి, నువ్వు కదిపితే కెవ్వున అరుస్తారు. ఈ మహానుభావుడు వచ్చేడా? కూర్చున్నాడా? నొప్పెక్కడో చెప్పేడా? నువ్వే వెళ్ళి, నువ్వే కదిపి, వాడి బదులు నువ్వే అరుస్తున్నావు. ఇది వైద్యం కాదే. వెట్టిచాకిరీ."

"నీతో వాదించలేం."

"మాట్లాడే మనిషితో వాదించలేరు, మాట్లాడనివాడితో కాపరం చేస్తారా?"

అది కొబ్బరిచిప్ప అక్కడ పడేసి లేచిపోయింది. హాల్లోంచి పేపరు తిరగేసిన చప్పుడు.

నేను ఎంత అరిచినా పెద్దలు మాట తీసుకోవడానికి వస్తామన్నారు. మా వైపు మాట తీసుకోవడమంటే నిశ్చితార్థానికి ముందు అబ్బాయివాళ్ళు పాస్టరుగారిని వెంటబెట్టుకుని అమ్మాయింటికి వచ్చి, సరే అంటే సరే అనుకుని ప్రార్థన చేసి లేవడం. ప్రార్థన అయిందంటే మాట అయిపోయినట్టే. తర్వాత వెనక్కి వెళ్తే దేవుడి ముందు ఇచ్చిన మాట తప్పినట్టు లెక్క. మా అమ్మాయి నన్ను ముందే పక్కకి పిలిచి బతిమాలింది. "అమ్మా, నీకు దణ్ణం పెడతాను. ఆ గంటసేపూ ఏమీ అనకు. అతను మనసులో పెట్టుకున్నవి పెళ్ళయ్యాక చెప్తాడు. నాకు నమ్మకముంది." సరేనన్నాను. నాకూ ఒక్క గంట నోరు మూసుకోవడం చేతనవునని ఆయనకి చూపించాలనుకున్నాను.

అంబాజీపేటనుంచి పొట్టిక్కలు తెప్పించాను. పనసాకు బుట్టల్లో ఉడికిన ఇడ్లీలు, ఇంకా ఆవిరి పోలేదు. కొబ్బరి పచ్చడి చేశాను. వాళ్ళు సాయంత్రం వచ్చారు. అబ్బాయి, వాళ్ళ అమ్మగారు, మా ఇద్దరి కుటుంబాలకీ తెలిసిన పాస్టరుగారు. ఆయన్ని మేమంతా అయ్యగారంటాం.

వాళ్ళ అమ్మగారు కలుపుగోలు మనిషి. కూర్చుంటూనే, "మావాడికి చెరువు తప్ప లోకం తెలీదండి వదినగారూ. అన్నం పెట్టి పిలిస్తే వస్తాడు, లేదంటే రాడు. మీ అమ్మాయి వచ్చి మార్చుకోవాలి" అని నవ్వారు.

మా ఆయన "ఆయ్" అన్నారు.

నేను నోరు మూసుకున్నాను.

"కోపం కూడా అంతేనండి. వచ్చిందంటే వారం పది రోజులు మాట్లాడడు. తర్వాత తనే మామూలైపోతాడు. మనమే పట్టించుకోకూడదు."

"ఆయ్, పట్టించుకోకూడదండి" అన్నారు మా ఆయన. పూర్తి వాక్యం! వియ్యపురాలు కాబోయే ఆవిడతో!

పళ్ళ సందున నాలుక పెట్టుకుని పచ్చడి వడ్డించాను. అబ్బాయి ఆకు విప్పుకుని తలొంచుకుని తింటున్నాడు. మా అమ్మాయి అతని ఎదురుగా కూర్చుని అతని తల పాపిడి వైపు చూస్తోంది, అది ఎప్పుడు పైకి లేస్తుందా అని. లేవలేదు. ఫోన్ మోగితే మాత్రం లేచింది. చెరువు మీద కరెంటు పోయిందేమోనని చూసుకుని మళ్ళీ వంచాడు.

అయ్యగారు చేతులు తుడుచుకుని, "మంచిది. దేవుని చిత్తమైతే ఈ మాట ఇక్కడితో ఖాయం చేసుకుందాం. అబ్బాయే ప్రార్థన చేస్తే బాగుంటుంది" అన్నారు.

అందరం తలలు వంచాం. కళ్ళు మూసుకున్నాం.

అబ్బాయి మొదలుపెట్టాడు. అదే గంభీరం. అదే గుక్క తిప్పుకోకపోవడం. ఇన్నాళ్ళూ "వందనాలండి" తప్ప రాని గొంతులోంచి కాలవ తూము ఎత్తినట్టు మాటలు. నేను కళ్ళు మూసుకుని ఉంటే మా ఆయన ఇరవై అయిదేళ్ళ వయసులో మాట్లాడుతున్నట్టే ఉంది.

"కృపగల తండ్రీ, ఈ గృహమును బట్టి స్తోత్రము. నేను పనిలో ఉండగా నీ కుమార్తె నన్ను నొప్పించిన మాటను నేను క్షమించియున్నాను..."

వాళ్ళ అమ్మగారు "స్తోత్రం" అన్నారు, అవునని వంతపాడినట్టు.

"...ఆమె తొందరపాటు స్వభావమును మార్చుము. ఆమె నోటిని అదుపులో ఉంచుము. నేను పలికినను పలకకపోయినను నెమ్మది గలిగి యుండు మనసును ఆమెకు దయచేయుము."

"స్తోత్రం" అని ఇంకో గొంతు వినిపించింది. మా ఆయనది.

నేను కళ్ళు తెరిచాను. మా అమ్మాయి కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. అతని మూసిన కళ్ళ వైపే చూస్తోంది. మొహంలో రక్తం చుక్క లేదు.

"బాబూ, ఒక్క నిమిషం" అన్నాను.

అతను ఆగిపోయాడు. కళ్ళు మాత్రం తెరవలేదు. అయ్యగారు ఒక కన్ను తెరిచారు. "అమ్మా, ప్రార్థన మధ్యలో..."

"దేవుడేమీ అనుకోడండి అయ్యగారూ. మా ఇంట్లో ఆయనకిది అలవాటే. బాబూ, కళ్ళు తెరువు. నువ్వన్న మాటలు చాలా చక్కగా ఉన్నాయి. ఎవరి గురించి అన్నావో ఆ మనిషి నీకు రెండు గజాల దూరంలో కూర్చుని ఉంది. దానితో చెప్పు."

"మావాడికి మాటలు తక్కువని చెప్పేను కదండీ వదినగారూ" అన్నారు వాళ్ళ అమ్మగారు, మొహం ఎర్రబడిపోయి.

"ఇప్పుడు ఇన్ని మాట్లాడేడు కదండీ! నా కాలేజీలో లెక్చరర్లకి కూడా ఇంత తెలుగు రాదు."

"అది దేవుడితో కదండీ."

"నా కూతురి నోటి సంగతి దేవుడితో ఎందుకండీ? నోరు దానిది. చెవులు కూడా దానివే ఉన్నాయి."

అప్పుడు మా అమ్మాయి గట్టిగానే అంది. "చెప్పు. నేనిక్కడే ఉన్నాను. నా మీద నీకు కోపమొచ్చింది. ఎందుకొచ్చిందో చెప్పు. నేను వింటాను."

అతను కళ్ళు తెరిచి నేల వైపు చూశాడు. వాళ్ళ అమ్మ వైపు చూశాడు. ఫోన్ వైపు చూశాడు. సినిమాలో అయితే ఇక్కడ మైకు అందుకోవాలి. హాలంతా ఊపిరి బిగబట్టాలి.

"తర్వాత మాట్లాడదాం" అన్నాడు, ఫోన్‌తో.

వాళ్ళు లేచారు. అయ్యగారు ఆమేన్ అనాలో వద్దో తెలియక చెప్పులు వెతుక్కున్నారు. మా ఆయన గుమ్మం దాకా వెళ్ళి "ఆయ్, వెళ్ళి రండి" అన్నారు. ఆయన ఎవరినైనా సాగనంపుతారు, వర్షాన్ని కూడా. మా అమ్మాయి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. పొట్టిక్కలు సగం అలాగే చల్లారిపోయాయి.

వేళకి చాప పరిచారు ఆయన. ప్రళయం వచ్చినా ఆ చాప పరుస్తారు. కూర్చుని కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఈ దినమున నీ దాసురాలి వలన..." అని మొదలుపెట్టారు.

"కళ్ళు తెరవండి" అన్నాను.

ఆగారు.

"తెరవండి. నావలన ఏమైందో నా మొహం చూసి చెప్పండి."

తెరిచారు. ఆయన కళ్ళు అంత దగ్గరగా, అంత ఎర్రగా నేనెప్పుడూ చూడలేదు.

"నీ నోటి వల్లే పోయింది సంబంధం."

చూడండి. పెళ్ళయిన ఇన్నేళ్ళకి మా ఆయన నా మొహం చూస్తూ నాకు చెప్పిన మొదటి సంగతి ఇది. మైకు లేదు, ఈల లేదు. నా ఒళ్ళంతా మంటలు లేచాయి. కానీ నేను వదల్లేదు. "ఇంకా?" అన్నాను.

"అందరి ముందూ పరువు తీసేవు."

"ఇంకా?"

"నిన్ను చూస్తే నాకు భయం."

"ఎందుకూ?"

"ఏదంటే దానికి నీ దగ్గర జవాబు ఉంటుంది. నా దగ్గర ఉండదు."

"అందుకని దేవుణ్ణి అడ్డం పెట్టుకుంటారా? నా జవాబు కూడా మీరే నొక్కేసి? మా అమ్మ పోయినప్పుడు ఆదరణ దయచేయుమని నన్ను ఆయనకి అప్పగించేశారు. ఒక్క చెయ్యి నా భుజం మీద వెయ్యడానికి ఏ కష్టమొచ్చింది మీకు? పక్కనే కదా కూర్చున్నాను!"

ఆయన అరిచారు. నేను ఇంకా గట్టిగా అరిచాను. అన్నం చల్లారిపోయింది. పక్కింటివాళ్ళు టీవీ సౌండు తగ్గించారు, వినడానికి. తలుపు ధడాల్న తెరుచుకుని మా అమ్మాయి వచ్చింది.

"ఆపండి ఇద్దరూ! నాన్నగారూ, అతను నా నోరు అదుపులో ఉంచమంటే మీరు స్తోత్రం అన్నారు. మీరు! నేను విన్నాను." తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వేం తక్కువ తిన్లేదమ్మా. నేను నోరు తెరవబోతున్నాను. నీకంటే ముందే నేను కళ్ళు తెరిచేను. అది నేనడగాల్సిన మాట. నువ్వు లాగేసుకున్నావు. ఆయన మాట్లాడరు, నువ్వు వేరేవాళ్ళని మాట్లాడనివ్వవు. ఈ ఇంట్లో నేను ఎక్కడ మాట్లాడను?"

"నేనడక్కపోతే ఆమేన్ అయిపోయేదే! అప్పుడు మాట ఖాయం!"

"అయితే నేను చూసుకునేదాన్ని. నా సంగతి."

ఆ మాట దగ్గర నాకు జవాబు దొరికింది. దొరికినా అనలేదు.

మర్నాడు క్లినిక్‌కి సెలవు పెట్టి, స్కూటీ తీసుకుని ఉప్పలగుప్తం వెళ్ళింది. "నేనూ వస్తాను" అన్నాను. "రావు" అంది. హెల్మెట్ పెట్టుకుంది. నేను కాలేజీకి వెళ్ళి ప్రాథమిక హక్కుల పాఠం చెప్పాను. భావ ప్రకటనా స్వేచ్ఛ దగ్గర పుస్తకం మూసేశాను. మధ్యాహ్నం క్లాసు ఇంకొకరికి అప్పజెప్పి ఇంటికొచ్చేశాను. మా ఆయన కూడా స్కూల్నుంచి ముందే వచ్చేసి అరుగు మీద కూర్చున్నారు. చేతిలో పేపరు లేదు.

స్కూటీ వచ్చింది. చక్రాలకి చెరువుగట్టు బురద. అది హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టి, మంచినీళ్ళు తాగి, మేమిద్దరం నిలబడి ఉంటే కూర్చుంది.

"గట్టు మీద ఉన్నాడు. నేను అన్నీ చెప్పేను. వానలో నిలబడ్డది, రెండు వారాలు ఎదురుచూసింది, నిన్న క్షమించేశానన్నావే, అప్పుడు నాకెలా ఉందో, అన్నీ. అరవలేదమ్మా. నెమ్మదిగానే చెప్పేను. ఇప్పుడు నువ్వు చెప్పు అన్నాను. ఎంతసేపైనా నిలబడతానన్నాను."

"ఏమన్నాడు?"

"ముందు ప్రార్థన చేద్దాం అన్నాడు."

నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

"కళ్ళు మూసుకున్నాడు. 'కృపగల తండ్రీ' అన్నాడు. నేను బండి స్టార్ట్ చేసుకుని వచ్చేసేను."

"వినిపించలేదూ, బండి చప్పుడు?"

"నీళ్ళల్లోకి గాలి కొట్టే ఏరేటర్లు తిరుగుతున్నాయి కదా. వినిపించి ఉండదు. మలుపు దగ్గర వెనక్కి చూసేను. ఇంకా మూసుకునే ఉన్నాడు."

అది నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. నేను దాని వైపు కదిలేలోపు మా ఆయన ముందుకొచ్చారు. దాని ముందు నిలబడ్డారు. కళ్ళు మూసుకోబోయి, మానేశారు.

"నేను స్తోత్రం అనకుండా ఉండాల్సింది" అన్నారు, దానితో. దాని మొహం చూసి.

అది తల ఊపింది. హాల్లో అయితే ఇక్కడ ఈలలు పడేవి. నా వెనక సీటు ఆవిడ అబ్బ ఎంత బాగా చెప్పేరో అనేది. నేను వెయ్యలేదు ఈల. ఇన్నేళ్ళ తర్వాత ఒక్క వాక్యం కళ్ళు తెరిచి మాట్లాడినందుకు చప్పట్లు కొట్టే ఓపిక నాకు లేదు. అందరూ చేసే పని అది, అన్నం తిన్నట్టు.

అన్నం వడ్డించాను. ఆ పూట చాప పరవలేదు ఎవరూ. ఎవరికి వారు మనసులో చేసుకున్నారో లేదో నాకు తెలియదు, అడగలేదు. ఆయన మొదటి ముద్ద పెట్టుకున్నారు. నేను ఎదురుగా కూర్చుని చూస్తున్నాను.

"ఉప్పు ఎలా ఉంది?" అన్నాను. "పైకి కాదు. ఇటు చూసి చెప్పండి."

మింగారు. చూశారు.

"ఎక్కువైంది."

"అయితే రేపు మీరు వండండి."